ఫోనుకి లెక్కలొచ్చు... మరి మనకి?

ఒకప్పుడు లెక్క రాకపోతే పక్క బెంచీ వైపు చూసేవారు. ఇప్పుడు ఫోను వైపు చూస్తున్నారు. ఫొటో తీస్తే చాలు, ఎంతటి లెక్కకైనా క్షణాల్లో జవాబు! సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలకి ఈ కొత్త మాస్టారు మేలు చేస్తున్నాడా... చేటు తెస్తున్నాడా?

రాత్రి పదకొండు దాటింది. సూర్యాపేటలో ఓ అద్దె గది. నలుగురు కుర్రాళ్లు, ఒక ఫ్యాను, గోడవారగా పేర్చిన పుస్తకాలు. తెల్లారితే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పరీక్ష. నోట్సులో మూడో లైను నుంచి నాలుగో లైనుకి సార్ ఎలా వెళ్లారో ఎవరికీ అంతుపట్టడం లేదు.

ఐదారేళ్ల కిందటైతే ఏం చేసేవాళ్లు? ఆ నాలుగో లైనుని అలాగే బట్టీ పట్టేవాళ్లు. లేదంటే సీనియర్ అన్నకి ఫోన్ చేసి, అతను ఎత్తకపోతే దేవుడి మీద భారం వేసి పడుకునేవాళ్లు. ఇప్పుడలా కాదు. ఒకడు ఫోను తీసి ఆ పేజీని ఫొటో కొట్టాడు. 'మూడో లైను తర్వాత నాలుగోది ఎలా వచ్చింది? తెలుగులో చెప్పు' అని టైపు చేశాడు. పది సెకన్లు... జవాబు వచ్చేసింది. నాలుగు తలలూ ఒక్క తెర మీదికి వంగాయి.

ఇలాంటి దృశ్యం ఇప్పుడు ఏ కాలేజీ ఊళ్లోనైనా కనిపించేదే. కృత్రిమ మేధ... అదే, ఏఐ అంటే ఎక్కడో అమెరికాలో ఉద్యోగాలు ఊడగొట్టే యంత్రం అనుకుంటాం కానీ, అది మన పిల్లల లెక్కల నోట్సులోకి ఎప్పుడో వచ్చి కూర్చుంది.

బస్సు దిగితే చదువు

హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద సూర్యాపేట. అదే దారిలో ఇంకాస్త ముందుకెళ్తే ఆంధ్ర సరిహద్దుకి చేరువలో కోదాడ. దక్షిణాన సాగర్ ఆయకట్టులో, రైసు మిల్లులకి పేరుపడ్డ మిర్యాలగూడ. ఊళ్లు మూడైనా చదువుల కథ ఒకటే. చుట్టుపక్కల పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే పిల్లలు. ఇక్కడి డిగ్రీ చదువులకి నల్గొండలో 2007లో ఏర్పడిన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పెద్దదిక్కు. ఇంజినీరింగ్ పిల్లలది చాలావరకూ జేఎన్‌టీయూ బాట.

వీళ్లలో చాలామంది ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి వాళ్లే. పదో తరగతి వరకూ లెక్కల్లో అనుమానం వస్తే నాన్నో అన్నో చెప్పగలిగేవారేమో. డిగ్రీకొచ్చాక 'రియల్ ఎనాలిసిస్' అంటే ఇంట్లో ఎవరికి తెలుస్తుంది? పోనీ ట్యూషనా? ఎప్‌సెట్‌కి కోచింగ్ దొరికినంత తేలిగ్గా డిగ్రీ లెక్కలకి ట్యూషన్ దొరకదు. ఇంజినీరింగ్ వాళ్ల ఎం-1, ఎం-2 గురించి చెప్పనే అక్కర్లేదు. ఎన్ని బ్యాక్‌లాగులు ఆ రెండు పేపర్ల పుణ్యమో!

ఇక ఆడపిల్లల సంగతి. 2023 డిసెంబరులో ఆర్టీసీ బస్సుల్లో మహిళలకి ఉచిత ప్రయాణం వచ్చాక బస్సు ఛార్జీల బాధ తగ్గింది. కానీ సాయంత్రం క్లాసయ్యాక ఆగి సార్‌ని అనుమానం అడుగుదామంటే ఊరెళ్లే బస్సు ఆగదుగా! ఇంటికెళ్లి, అమ్మకి వంటలో సాయం చేసి, పుస్తకం తీసేసరికి రాత్రవుతుంది. ఆ వేళలో పిలిస్తే పలికేది ఫోనొక్కటే.

దానికి తోడు ఖర్చు కూడా లేకుండా పోయింది. 2025లో కంపెనీలు పోటీలు పడి మన దేశంలో ఈ సేవల్ని ఉచితంగా అందించాయి. గూగుల్ తన జెమినై పెయిడ్ సర్వీసుని విద్యార్థులకి ఏడాదిపాటు ఉచితమంది. జియో కూడా తన వినియోగదారులకి అదే జెమినైని పద్దెనిమిది నెలలు ఇస్తానంది. ఆ ఏడాది నవంబరులో చాట్‌జీపీటీ వాళ్లు 'గో' ప్లాన్‌ని ఏడాది పాటు ఊరికే ఇస్తామన్నారు. ఇంకేముంది... పెద్ద కార్పొరేట్ కాలేజీ పిల్లాడి చేతిలో ఏముందో, పల్లె నుంచి వచ్చే పిల్ల చేతిలోనూ అదే ఉంది. చదువుల చరిత్రలో ఇది చిన్న సంగతేం కాదు.

మూడు రకాల మాటలు

మరి వాడుతున్న పిల్లలు ఏమంటారు? లెక్కల కోసం ఏఐని వాడే విద్యార్థుల్ని కదిపితే ప్రధానంగా మూడు రకాల మాటలు వినిపిస్తాయి.

మొదటిది, 'విసుక్కోదు' అన్న మాట. క్లాసులో అరవైమంది ఉంటారు. లేచి అడిగితే వెనక బెంచీ నవ్వుతుంది. ఒకసారి అడగొచ్చు, రెండోసారి మొహమాటం, మూడోసారి భయం. ఫోనుకి అవేమీ లేవు. పదిసార్లు అడిగినా పదకొండోసారి చెబుతుంది. 'ఇంటర్మీడియెట్‌లోది కూడా మర్చిపోయాను, అక్కణ్నుంచి చెప్పు' అన్నా ఏమీ అనుకోదు. లెక్కలంటే భయం ఉన్నవాళ్లలో చాలామందికి ఉన్నది నిజానికి లెక్కల భయం కాదు, నలుగురిలో తప్పు చెబుతామన్న భయం. ఆ ఒక్కటీ పోతే సగం లెక్క వచ్చినట్టే.

రెండోది, కాస్త గొంతు తగ్గించి చెప్పే మాట. అసైన్‌మెంటు ఇస్తే ఫొటో కొట్టడం, వచ్చినదాన్ని దస్తూరి కుదిరేలా ఎత్తిరాయడం, ఇంటర్నల్ మార్కులు వేయించుకోవడం. సెమిస్టరు పరీక్షలో అదే లెక్క అంకె మార్చి వస్తే కలం కదలదు. 'చదివినప్పుడు అర్థమైనట్టే ఉంది, పేపరు మీదికొచ్చేసరికి ఏమీ గుర్తులేదు'... ఇదీ వాళ్ల బాధ. పూర్వం గైడు చూసి రాసినవాళ్లదీ ఇదే బాధ. కాకపోతే గైడులో లేని లెక్కని అప్పుడు సొంతంగా చేయాల్సి వచ్చేది. ఈ కొత్త గైడులో లేని లెక్కంటూ లేదు!

మూడోది, అనుమానం. 'అది చెప్పింది నిజమో కాదో ఎవరికి తెలుసు?' అనేవాళ్లు. ఒకే లెక్కని రెండుసార్లు అడిగితే రెండు జవాబులు వచ్చాయనీ, మధ్యలో మెట్లు మింగేసిందనీ, సిలబస్‌లో లేని పద్ధతిలో చేసిందనీ వీళ్ల ఫిర్యాదు. ఆ పద్ధతి రైటే అయినా పరీక్షలో అడిగిన పద్ధతి వేరైతే మార్కులు రావుగా.

తమాషా ఏంటంటే, ఈ మూడు మాటలూ ఒకే విద్యార్థి నోట వినిపించవచ్చు. సోమవారం మొదటిది, అసైన్‌మెంటు రోజున రెండోది, మార్కులొచ్చాక మూడోది!

పతకాలు గెలిచి... పలక మీద తప్పి

ఇంతకీ ఈ యంత్రానికి లెక్కలొచ్చా, రావా? ఆ ప్రశ్నకి జవాబు ఏ ఏడాదికా ఏడాది మారిపోతోంది.

లెక్కలు చేసిపెట్టే సాధనాలు కొత్తవేం కావు. 2009లో వచ్చిన వుల్ఫ్రామ్ ఆల్ఫా ఇంటిగ్రేషన్లని చిటికెలో చేసేది. 2014లో వచ్చిన ఫొటోమ్యాథ్, ఫోను కెమెరా చూపిస్తే మెట్టు మెట్టుగా జవాబు చెప్పేది. అవి లెక్కల కోసం కట్టిన యంత్రాలు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక కథ మలుపు తిరిగింది. ఇది మాటల యంత్రం. కోట్లాది పేజీలు చదివి, ఏ మాట తర్వాత ఏ మాట రావడానికి ఎక్కువ వీలుందో నేర్చుకుంది. మనం అడిగితే ఆ వరసలోనే జవాబు అల్లుతుంది. లెక్క చేసే బడికి వెళ్లకుండా, లెక్కల మాస్టార్ల మాటలన్నీ వినేసినవాడు ఎలా ఉంటాడో అలాగన్నమాట! అందుకే తప్పు జవాబుని కూడా తడబడకుండా చెబుతుంది.

2024లో ఓ చిన్న ప్రశ్న ప్రపంచమంతా నవ్వులు పూయించింది. 9.11, 9.9... ఈ రెంటిలో ఏది పెద్దది? ఆరో తరగతి పిల్లలు చెప్పేస్తారు, 9.9 అని. అప్పటి పేరున్న ఏఐలు కొన్ని 9.11 పెద్దదన్నాయి. తొమ్మిది కంటే పదకొండు ఎక్కువ కదా అనుకున్నాయేమో!

విచిత్రం చూడండి, సరిగ్గా అదే ఏడాది జులైలో గూగుల్ డీప్‌మైండ్ తయారుచేసిన ఏఐలు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ లెక్కలు ఆరింటిలో నాలుగు చేసి 42కి 28 మార్కులు తెచ్చుకున్నాయి. అది వెండి పతకం స్థాయి. మరుసటి ఏడాది, 2025లో, జెమినై కొత్త రూపం ఆరింటిలో ఐదు చేసి 35 మార్కులతో బంగారు పతకం స్థాయికి చేరింది. ప్రపంచంలోని మేటి పిల్లలు నాలుగున్నర గంటల చొప్పున రెండు రోజులు కుస్తీపట్టే లెక్కలవి.

అంటే, ఇవాళ డిగ్రీ లెక్కలు దానికి పెద్ద కష్టం కాదు. తప్పులు తగ్గుతున్నాయి కూడా. కానీ అసలు చిక్కు అక్కడ లేదు. దానికి లెక్కలొస్తే మనకేంటి? పరీక్ష హాల్లోకి దాన్ని రానివ్వరుగా!

తుర్కియే చెప్పిన పాఠం

సరిగ్గా ఈ సంగతినే తేల్చడానికి అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తుర్కియేలో ఓ ప్రయోగం చేశారు. ఓ హైస్కూల్లోని దాదాపు వెయ్యిమంది పిల్లల్ని మూడు జట్లుగా చేశారు. మొదటి జట్టు మామూలుగా పుస్తకాలు, నోట్సు చూసుకుంటూ లెక్కలు సాధన చేసింది. రెండో జట్టుకి చాట్‌జీపీటీ లాంటి ఏఐని ఇచ్చారు, ఏమడిగినా చెబుతుంది. మూడో జట్టుకీ ఏఐనే ఇచ్చారు కానీ దానికి ముందే ఉపాధ్యాయులు కట్టడి పెట్టారు. జవాబు చెప్పేయకూడదు, దారి మాత్రం చూపించాలి.

సాధన సమయంలో ఏఐ ఉన్నవాళ్లు దూసుకెళ్లారు. మొదటి జట్టుతో పోలిస్తే రెండో జట్టు 48 శాతం, మూడో జట్టు 127 శాతం మెరుగ్గా చేశాయి. ఆహా అనుకున్నారంతా. తర్వాత ఏఐని పక్కనబెట్టి పరీక్ష పెట్టారు. ఏఐ ముఖమే చూడని మొదటి జట్టు కంటే రెండో జట్టుకి 17 శాతం మార్కులు తగ్గాయి! మూడో జట్టు మాత్రం మొదటి జట్టుతో దాదాపు సమానంగా నిలిచింది.

అన్నిటికంటే ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటుంది. తాము తక్కువ నేర్చుకున్నామని ఆ రెండో జట్టు పిల్లలకి తెలియనే లేదు. బాగానే వచ్చిందనుకున్నారు. 2025లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో అచ్చయిన ఈ అధ్యయనం చెప్పేది ఒక్కటే. యంత్రం ఒకటే, అడిగే తీరు వేరు. జవాబు అడిగినవాడు నష్టపోయాడు, దారి అడిగినవాడు నష్టపోలేదు.

కంపెనీలకీ ఇది తెలుసు. ఖాన్ అకాడమీ 2023లో తెచ్చిన ఖాన్‌మిగో జవాబు చెప్పదు, ఎదురు ప్రశ్న వేస్తుంది. చాట్‌జీపీటీలో 2025 జులైలో 'స్టడీ మోడ్', మరుసటి నెలలో జెమినైలో 'గైడెడ్ లెర్నింగ్' వచ్చాయి. నొక్కితే ట్యూషన్ మాస్టారిలా ఒక్కో మెట్టూ మనచేతే ఎక్కిస్తాయి. చిక్కల్లా, రేపు ఉదయం తొమ్మిదికి అసైన్‌మెంటు ఇవ్వాల్సినవాడు రాత్రి పన్నెండుకి ఆ బటన్ ఎందుకు నొక్కుతాడు?

సాగర్ నీళ్లతో ఇంటిగ్రేషన్

మరో పెద్ద సంగతి భాష. పదో తరగతి దాకా తెలుగులో చదివి ఒక్కసారిగా ఇంగ్లిషు మీడియంలో పడ్డ పిల్లలు ఈ మూడు ఊళ్లలోనూ ఉన్నారు. లెక్క వచ్చినా, ప్రశ్నే అర్థం కాక ఆగిపోతారు.

లెక్కలు తెలుగులో చెప్పుకోవడం మనకి కొత్తేమీ కాదు. పావులూరి మల్లన దాదాపు వెయ్యేళ్ల కిందటే మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి పుస్తకాల్ని తెలుగులో అచ్చేసింది. అవకలనం, సమాకలనం, అవధి, మాత్రిక లాంటి మాటల్ని తరాల విద్యార్థులకి అలవాటు చేసింది. ఇప్పుడు ఏఐ ఆ పనిని అడిగిన ప్రతివాడికీ విడిగా చేసిపెడుతోంది. అయితే దాని తెలుగు ఒక్కోసారి పుస్తకం తెలుగుతో కలవకపోవచ్చు. 'లిమిట్'ని అకాడమీ పుస్తకం 'అవధి' అంటే ఇది 'పరిమితి' అనేయొచ్చు. అందుకే పేర్లు ఇంగ్లిషులో ఉంచి, వివరణ తెలుగులో అడగడం మేలు.

అడగడం తెలిస్తే ఎంత మేలో చూడండి. మిర్యాలగూడ ప్రాంతం పిల్లలకి సాగర్ ఎడమ కాలువ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కాలువలో ఎన్ని క్యూసెక్కులు వదిలారో, డ్యాములో ఎన్ని టీఎంసీలున్నాయో రోజూ పేపర్లో చూస్తూనే ఉంటారు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకి 86,400 సెకన్లు. అంటే సుమారు 11,574 క్యూసెక్కులు రోజంతా ఆగకుండా పారితే ఒక టీఎంసీ. ఇంతవరకూ ఒట్టి గుణకారమే.

మరి ప్రవాహం రోజంతా ఒకేలా ఉండకపోతే? పొద్దున ఎనిమిది వేల క్యూసెక్కులు, మధ్యాహ్నానికి పది, రాత్రికి ఆరు అయితే? అప్పుడు ఒక్క గుణకారంతో తేలదు. రోజుని చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఎంత పారిందో చూసి, అన్నీ కలపాలి. ముక్క ఎంత చిన్నదైతే లెక్క అంత కచ్చితం. అదే ఇంటిగ్రేషన్! తిరగేస్తే, పారిన మొత్తం నీటి లెక్క తెలిసినప్పుడు ఈ క్షణాన ఎంత వేగంగా పారుతోందో కనుక్కోవడం డిఫరెన్షియేషన్.

'ఇంటిగ్రేషన్ అంటే ఏంటి?' అని అడిగితే ఏఐ పుస్తకంలో ఉన్నదే అప్పజెబుతుంది. 'మాది సాగర్ ఆయకట్టు, కాలువ నీళ్లతో చెప్పు' అంటే ఇలా చెబుతుంది. తనకి తెలిసినదేంటో, తెలియనిదేంటో అడిగేవాడికే తెలియాలి. ఆ ఒక్క పనీ యంత్రం మన తరఫున చేయలేదు.

రేపటి లెక్కల మాస్టార్లు

'ఎలాగోలా పాసైతే చాలదా?' అని అడగొచ్చు. చాలదు. ఎందుకంటే లెక్కలతో డిగ్రీ చేసినవాళ్లలో చాలామంది కల బీఈడీ, ఆ తర్వాత డీఎస్సీ. తెలంగాణలో 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు భర్తీకి పెట్టారు. ఆ పరీక్ష హాల్లోనూ ఫోను ఉండదు. అది దాటితే ఏదో ఊళ్లో బడి, నల్లబల్ల, చేతిలో చాక్‌పీసు. ముందు బెంచీలో కూర్చున్న పాప లేచి అడుగుతుంది, 'సార్, ఎక్స్ స్క్వేర్ ఈక్వల్టు 5 ఎక్స్ అన్నప్పుడు రెండు పక్కలా ఎక్స్ ఎందుకు కొట్టేయకూడదు?' అని.

జవాబు 5 అని తెలిసినవాడు సగం మాస్టారు. ఎక్స్ సున్నా అయితే దాంతో భాగించకూడదనీ, అలా కొట్టేస్తే సున్నా అనే రెండో జవాబు మాయమైపోతుందనీ చెప్పగలిగినవాడే అసలు మాస్టారు. ఆ 'ఎందుకు'ని ఫోనుకి అప్పగించి పాసైన విద్యార్థి, రేపు ఆ పాపకి ఏం చెబుతాడు? ఒకరు ఎగ్గొట్టిన మెట్టు, వందమంది పిల్లల కింద లేకుండా పోతుంది.

అధ్యాపకుల చేతిలోనూ ఓ సులువైన మందుంది. అసైన్‌మెంటుకి మార్కులేసి ఊరుకోకుండా, బోర్డు దగ్గరికి పిలిచి 'ఈ నాలుగో లైను ఎలా వచ్చింది?' అని ఒక్కమాట అడగడమే. ఫోనులో నేర్చుకుని వచ్చినా చెప్పగలిగితే నేర్చుకున్నట్టే. చెప్పలేకపోతే ఎత్తిరాసినట్టే. దీనికి కొత్త చట్టాలూ సాఫ్ట్‌వేర్లూ అక్కర్లేదు, చాక్‌పీసు చాలు.

ఇంట్లో పెద్దలకి లెక్కలు రాకపోయినా ఫరవాలేదు. 'ఏదీ బిడ్డా, ఇవాళ నేర్చుకున్నది నాకు చెప్పు' అని అడిగితే చాలు. అమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి ప్రయత్నించేసరికి, తనకెక్కడ అర్థం కాలేదో ఆ పిల్లకే తెలిసిపోతుంది.

ఇలా అడిగి చూడండి

* ముందు తెల్లకాగితం మీద పదిహేను నిమిషాలు సొంతంగా ప్రయత్నించాకే ఫోను ముట్టుకోండి.

* 'ఈ లెక్క చెయ్యి' అనొద్దు. 'నేను ఇక్కడిదాకా చేశాను, తర్వాతి మెట్టుకి చిన్న సూచన ఇవ్వు, జవాబు చెప్పొద్దు' అనండి.

* మీరు చేసినదాన్ని ఫొటో తీసి 'తప్పెక్కడుంది?' అని అడగండి. తప్పు దిద్దించుకోవడంలో ఉన్న లాభం జవాబు చూడటంలో లేదు.

* వచ్చిన జవాబుని లెక్కలో తిరిగి పెట్టి సరిచూడండి. ఇంటిగ్రేషన్ అయితే డిఫరెన్షియేట్ చేసి చూడండి. సరిపోకపోతే తప్పు మీదో, దానిదో తేల్చండి.

* సిలబస్‌లో ఉన్న పద్ధతి పేరు చెప్పి, ఆ పద్ధతిలోనే చెప్పమనండి.

* చివరగా, అదే రకం లెక్కలు మూడు అడిగి ఫోను పక్కనబెట్టి చేయండి. మూడూ వస్తేనే వచ్చినట్టు!

మళ్లీ సూర్యాపేట గదికి వద్దాం. నాలుగో లైను ఎలా వచ్చిందో ఫోను చెప్పింది, నలుగురూ తలలూపారు. ఇప్పుడు వాళ్ల ముందు రెండు దారులు. హమ్మయ్య అనుకుని తర్వాతి పేజీ తిప్పడం ఒకటి. ఫోను బోర్లించి, ఒక తెల్లకాగితం తీసుకుని, మొదటి లైను నుంచి మళ్లీ మొదలుపెట్టడం ఇంకొకటి. రెండోదానికి ఇంకో పావుగంట పడుతుంది. నిద్ర కూడా ముంచుకొస్తుంటుంది.

కానీ తెల్లారి పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడు చేతిలో మిగిలేది ఆ పావుగంటే!